పశ్చిమానికి జెరేనియం సరిపడుతుందా? ఎండకు ఆగే మొక్క తడికి ఆగడంలేదు

మార్కాపురం: నీళ్ళు చాలని ఊళ్ళకు కొత్త పంటల పేర్లు త్వరగా చేరతాయి. పశ్చిమ ప్రకాశానికి ఇది పాత అనుభవమే. బోరు అడుగంటి, కంది చేతికి రాక, మిర్చికి పెట్టిన మదుపు తిరిగిరాక దిగాలుపడిన రైతు చెవిన "తక్కువ నీటితో లక్షల ఆదాయం" అన్న మాట పడితే దానిని తోసిపుచ్చడం కష్టం. సఫేద్ ముస్లీ, జట్రోఫా, కలబంద పేర్లు రాష్ట్రంలో ఒక్కో కాలంలో ఇలాగే మారుమ్రోగినవి. మొక్కలు అమ్మినవారు బాగుపడ్డారు. పండించినవారిలో చాలామందికి కొనేవాడు కనిపించలేదు. ఇప్పుడు ఆ వరుసలో సుగంధ జెరేనియం పేరు వినిపిస్తున్నది. ఆకు నలిపితే గులాబీ వాసన, ఆ ఆకునుంచి తీసిన నూనెకు కిలో ఒక్కింటికి వేల రూపాయల ధర, పైగా ఎండ ప్రాంతాలకు అనువైనదన్న ప్రచారం. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి ప్రాంతాల రైతుకు ఇంతకన్నా ఆకర్షణీయమైన కబురు ఉండదు.

ఈ ప్రచారంలో కొంత నిజం లేకపోలేదు. జెరేనియం ఎండకు, పొడి గాలికి తట్టుకునే మొక్కే. అయితే పశ్చిమ ప్రాంతంలో దాని ప్రాణం తీసేది మే నెల ఎండ కన్నా ఎక్కువగా ఆగస్టు మొదలు నవంబరు వరకు పడే వాన. కరువు ప్రాంతమన్న పేరు చూసి మొక్కలు నాటినవారికి మొదటి ఏడాది వానాకాలం దాటేసరికి ఈ సంగతి తెలిసివస్తుంది. అప్పటికి మొక్కల డబ్బు చెల్లించేసి ఉంటారు.

పేరులోనే తికమక

ముందుగా ఏ మొక్క గురించి మాట్లాడుతున్నామో స్పష్టపరచుకోవలసి ఉన్నది. నర్సరీలలో జెరేనియం పేరిట ఎర్రని, గులాబీ రంగు గుత్తిపూలతో అమ్మేది వేరు. అది అందానికి పనికివస్తుంది గాని నూనెకు పనికిరాదు. నూనెనిచ్చే మొక్క పూలు చిన్నవి, లేత గులాబీ రంగువి, చూపరులను ఆకట్టుకునేవి కావు. దాని ఆకులు చీలికలు చీలికలుగా, సన్నని నూగుతో ఉంటాయి. సుగంధమంతా ఆకులపై నూగులోని సన్నని గ్రంథులలోనే ఉన్నది. శాస్త్రరీత్యా ఇది పెలర్గోనియం జాతి. లిన్నేయస్ 1753లో రెండింటినీ జెరేనియం కిందనే చేర్చగా, ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లెరితియే 1789లో పెలర్గోనియంను వేరుచేశాడు. శాస్త్రజ్ఞులు విడదీసి రెండు శతాబ్దాలు దాటినా వ్యాపారులు, తోటమాలులు మాత్రం పాత పేరునే పట్టుకున్నారు.

సుగంధ రకాలలోనూ అన్నీ ఒక తీరువి కావు. నిమ్మ వాసనవి, పుదీనా వాసనవి, జాజికాయ వాసనవి కూడా ఉన్నాయి. పెద్ద ఆకులతో మెత్తగా పట్టుగుడ్డలా ఉండే పుదీనా వాసన రకం చల్లని నీడను కోరుతుంది. మార్కాపురం వంటి చోట దానిని బ్రతికించడం వృథా ప్రయాస. గులాబీ వాసన రకాలే వీటిలో గట్టివి. బూడిదరంగు చిన్న ఆకుల జాజికాయ వాసన రకం కూడా నీటి ఎద్దడికి బాగానే ఆగుతుంది. మనవారికి మరువం, దవనం, మాచిపత్రి తరతరాలుగా తెలుసు. వాటి సరసన పెరట్లో పెట్టుకోవడానికి గులాబీ జెరేనియం తగిన మొక్కే.

"దోమల మొక్క" అని కొన్నిచోట్ల అమ్ముతున్నది కూడా ఈ జాతిలోనిదే. కుండీ గుమ్మంలో పెడితే దోమలు రావని చెప్పి అమ్ముతారు. ఫ్లోరిడాలో 1994లో ప్రచురితమైన పరీక్షలో ఆ మొక్క పక్కన ఉన్నా దోమలు యథాప్రకారం కుట్టినట్లు తేలింది. ఆకు నలపనిదే వాసన బయటకు రాదు. వాసన కోసం కొనుక్కోవచ్చుగాని దోమతెర మాత్రం తీసివేయరాదు.

పుట్టిన చోట వాన చలికాలంలో

ఈ జాతి పుట్టినిల్లు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతం. అక్కడ వేసవి పొడిగా గడుస్తుంది, వర్షాలు చలికాలంలో కురుస్తాయి. అంటే నేల తడిగా ఉన్నప్పుడు గాలి చల్లగా ఉంటుంది, గాలి వేడెక్కినప్పుడు నేల ఆరిపోయి ఉంటుంది. వేడీ తడీ ఒకేసారి అనుభవించడం ఆ మొక్కకు అలవాటు లేదు. మనకు ఇందుకు పూర్తిగా విరుద్ధం. నైరుతి రుతుపవనం నాటికి నేలలో వేసవి వేడి ఇంకా చల్లారదు. ఆపైన ఈశాన్య రుతుపవనం, తుఫానుల వాన అక్టోబరు, నవంబరులలో పడతాయి. రాత్రిపూట కూడా ఉక్క తగ్గదు. నేలలోని బూజు తెగుళ్ళకు ఇది పండగ. వేరు కుళ్ళి, కాండం మొదలు నల్లబడి, నిన్న పచ్చగా ఉన్న మొక్క నేడు వాలిపోతుంది. ఆ తరువాత ఏ మందు పోసినా ప్రయోజనం ఉండదు.

పశ్చిమ ప్రకాశంలో వాన మొత్తం తక్కువే. కోస్తా తాలూకాలతో పోలిస్తే నల్లమల నీడన ఉన్న ఈ మెట్ట భూములకు దక్కేది స్వల్పం. ఆ స్వల్పమైనా సమంగా పడదు. నెలరోజులు చుక్క లేక, ఒక్క వాయుగుండానికి రెండు రోజులలో కుంభవృష్టి కురవడం ఇక్కడ పరిపాటి. ఏడాది సగటు చూసి జెరేనియంకు ఇది అనువైన పొడి ప్రాంతమని నిర్ణయించడం సరికాదు. మొక్కకు కావలసింది సగటు లెక్క కాదు గదా. ఆ రెండు రోజుల నీరు ఎంత త్వరగా వేరు దగ్గరనుంచి జారిపోయిందన్నదే లెక్క.

మరి ఎండ మాట ఏమిటి? మేలో మార్కాపురం ప్రాంతంలో 44, 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. ఆ వేడిలో జెరేనియం చావదు గాని పెరగదు. ఆకులు చిన్నవై, అంచులు మాడి, మొక్క ముడుచుకుపోతుంది. మధ్యాహ్నం మూడు గంటల నీడ, ఉదయం కొద్దిపాటి నీరు ఉంటే గట్టెక్కుతుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఆకు వాడింది గదా అని సాయంత్రం కడవలకొద్దీ పోస్తారు. వేడి నేలలో ఆ తడి రాత్రంతా నిలిచి, వానాకాలంలో జరగవలసిన నష్టం వేసవిలోనే జరుగుతుంది. వేలు మట్టిలో రెండు అంగుళాలు గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే నీరు పోయాలి.

హైదరాబాదు అనుభవం

జెరేనియం మన దేశానికి చల్లని కొండల మొక్కగానే వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఫ్రెంచి తోటల యజమానులు దానిని తమిళనాడులోని ఏర్కాడు కొండలకు తెచ్చారు. అక్కడినుంచి నీలగిరికి, కొడైకెనాలుకు ప్రాకింది. ప్రపంచంలో ఈ నూనెకు పేరు తెచ్చిపెట్టింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి. దాని పాత పేరు బూర్బన్. యానాం నుంచి 19వ శతాబ్దంలో కూలి ఒప్పందాలపై ఓడలెక్కిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉన్నది. నేడు ఆ దీవిలో సాగు బాగా తగ్గి, ఈజిప్టు, చైనా ముందుకు వచ్చాయి. ఈజిప్టు ఉదాహరణ మనకు ముఖ్యమైనది. అది కొండ ప్రాంతం కాదు. అక్కడ ఎండ తీవ్రమే గాని వాన దాదాపు లేదు, ఉన్న నీరంతా కాలువనుంచి రైతు తన చేతితో పెట్టుకునేదే. ఎండలో జెరేనియం పండుతుందా అనే ప్రశ్నకు జవాబు ఈజిప్టు. వానలో ఉండగలదా అనే ప్రశ్నకు జవాబు అక్కడ దొరకదు.

ఆ జవాబు కొంతవరకు హైదరాబాదులో దొరుకుతుంది. లక్నో కేంద్రంగా 1959లో ఏర్పడిన కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ (సీమాప్) శాఖ హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో ఉన్నది. కొండల మొక్కను దక్కన్ పీఠభూమి ఎర్రనేలలలో, పాక్షిక మెట్ట వాతావరణంలో పండించడంపై అక్కడి శాస్త్రజ్ఞులు సంవత్సరాల తరబడి పరిశోధనలు జరిపారు. తేలింది ఏమంటే, శీతాకాలం మొదట్లో నాటి వేసవిలోగా ఒకటి రెండు కోతలు తీసుకుంటే మైదానంలోనూ మంచి నూనె వస్తుంది. వానాకాలంలో మాత్రం మొక్కలు పెద్దఎత్తున చనిపోతాయి. అంటే కొండల మీద ఏళ్ళతరబడి నిలిచే మొక్క, మైదానంలో దాదాపు ఏటేటా నాటవలసిన పంటగా మారుతుంది. దవనం సాగు ఎరిగినవారికి ఈ కాలక్రమం వింతగా తోచదు. అదీ కార్తికం ప్రాంతాల వేసి శివరాత్రి అటూఇటుగా కోసేదే. తేడా ఒక్కటే. దవనానికి విత్తనం ఉన్నది. నూనె జెరేనియంకు పనికివచ్చే విత్తనం లేదు, కొమ్మ ముక్కలే విత్తనం. తల్లి మొక్క వానకు చనిపోతే మరుసటి ఏడాది పంటే లేదు.

ఈ చిక్కుకు సీమాప్ చూపిన పరిష్కారం సామాన్యమైనదే. ఖరీదైన చల్లని గాజుగదులకు బదులు రైతు పొలంలోనే పైన ప్లాస్టిక్ కప్పు, ప్రక్కల గాలి ఆడే పందిరి వేసి, తల్లి మొక్కలను వాన తగలకుండా కాపాడాలి. ఈ పద్ధతివల్ల లోగడ సుమారు 35 రూపాయలు పడిన మొక్క ఖర్చు 2 రూపాయలకు దిగివచ్చినట్లు ఆ సంస్థ ప్రకటించింది. 2017లో ప్రారంభమై, 2021లో రెండవ దశలోకి వచ్చిన అరోమా మిషన్ కింద ఇది ప్రచారమవుతున్నది.

ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతటిదో చూడండి. రెండడుగుల ఎడంతో నాటితే ఎకరాకు 10,890 మొక్కలు పడతాయి. మొక్క 35 రూపాయలయితే 3 లక్షల 81 వేలు. రెండు రూపాయలయితే 22 వేలు లోపు. జెరేనియంలో లాభనష్టాలు తేలేది చాలామట్టుకు ఇక్కడే. మొక్కలు బయటనుంచి కొనే రైతు మొదటి రోజే ఓడిపోయినట్లు లెక్క. తల్లి మొక్కలను తానే కాపాడుకుని, కొమ్మలు తానే కత్తిరించుకోగల రైతుకే ఈ పంట. కొత్తగా సాగు పెట్టించేవారు మొక్కల అమ్మకంపైనే ఎక్కువ ఉత్సాహం చూపితే రైతు జాగ్రత్తపడాలి.

నేల, నీరు

నల్లమల అంచున, గిద్దలూరు నుంచి మార్కాపురం వరకు గులక కలిసిన ఎర్రనేలలు విస్తారంగా ఉన్నాయి. జెరేనియంకు ఇవి మేలు. నల్లరేగడి, చెరువు కింద తడినేలలు ఎంత సారవంతమైనా దీనికి పనికిరావు. వరి పండే కంభం చెరువు ఆయకట్టులో ఇది వేయాలని చూడటం చెరువును అవమానించడమే. ఎర్రనేలలోనూ చదునుగా కాక, అడుగు ఎత్తు బోదెలు వేసి, బోదె తలపై నాటితే వాన నీరు కాలువలలోకి జారుతుంది. ఈ ప్రాంతంలో ఇన్నాళ్ళూ బోదెలు కట్టింది నీటిని ఆపుకోవడానికి. జెరేనియం కోసం కట్టవలసింది నీటిని పంపివేయడానికి. అలవాటుపడిన చేతికి ఈ మార్పు కొంచెం కష్టమే.

నీటి సంగతి మరింత జటిలం. కనిగిరి, మార్కాపురం, పొదిలి ప్రాంతాల భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది అందరికీ తెలిసిన బాధ. వంగిన నడుములు, పసుపుబారిన పళ్ళు దానికి సాక్ష్యం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిలో తరచు సోడియం, బైకార్బొనేటు కూడా ఎక్కువే, సున్నం తక్కువ. ఆ నీరు పెట్టగా పెట్టగా నేల పైపొర గట్టిపడి, నీరు క్రిందికి దిగడం మందగిస్తుంది. త్వరగా ఆరిపోయే నేల కావలసిన మొక్కకు ఇది పెద్ద లోపం. లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాది పసుపుబారితే ఇనుము అందడంలేదని గుర్తు. నీటి పరీక్ష చేయించకుండా ఈ పంటకు దిగరాదు. చౌడు లక్షణం కనిపిస్తే జిప్సం వేసి నేలను బాగుచేసుకోవడం తరువాతే నాటడం. బిందు సేద్యం తప్పనిసరి. పారుదల పెడితే మొక్క మొదలు తడిసి, వానాకాలం తెగులు చలికాలంలోనే వస్తుంది.

తక్కువ నీటి పంట అన్న మాటకూ హద్దు ఉన్నది. నాటడం అక్టోబరు చివర లేక నవంబరులో, కోతలు ఫిబ్రవరి మొదలు మే వరకు. అంటే జెరేనియంకు నీరు కావలసింది బోర్లు దిగిపోయే నెలలలోనే. చలికాలంలో నాలుగు రోజులకొకసారి, ఎండలు ముదిరాక ఒకటి రెండు రోజులకొకసారి తడి అందాలి. వర్షాధారంగా ఇది పండదు. మార్చికల్లా గాలి పోసే బోరు ఉన్న రైతు దీని జోలికి పోకపోవడమే మేలు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేసినా, నాటికి నిర్వాసితుల పునరావాసం, కాలువల పనులు మిగిలే ఉన్నాయి. 1996లో శంకుస్థాపన జరిగిన పథకం అది. రాబోయే కాలువ నీటిని నమ్ముకొని నేడు మొక్కలు నాటడం వివేకం కాదని ఈ ప్రాంత రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

ముందు పెరట్లో

ఎకరా మాట అటుంచి, నాలుగు కుండీలు ఒక ఏడాది బ్రతికించి చూడటం వల్ల నష్టమేమీ లేదు. ఆ ఏడాదిలో నేర్చుకున్నది ఏ శిక్షణా తరగతిలోనూ రాదు. మట్టి కుండీ మంచిది, దాని గోడలగుండా తేమ ఆరుతుంది. ప్లాస్టిక్ బకెట్టు, సిమెంటు తొట్టి అంత మంచివి కావు. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు అరపాలు కలిపితే చాలు. మార్కాపురంలో పలకల గనుల వద్ద రాతిముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి గనుక వాటిని కుండీ అడుగున పరచుదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అడుగున పరిచిన రాయి పైనున్న మట్టిని ఆరబెట్టదు. మట్టిలోనే ఇసుక కలపడం దానికన్నా ఎంతో మేలు. పలకముక్కలను కుండీ కింద ఎత్తుగా పెట్టి, అడుగు రంధ్రానికి గాలి ఆడేటట్లు చేస్తే వాటికీ ఒక ఉపయోగం దొరుకుతుంది.

కొమ్మ కత్తిరించడానికి అక్టోబరు చివర నుంచి జనవరి వరకు మంచి కాలం. జానెడు కన్నా చిన్నదిగా, మూడు నాలుగు కణుపులున్న చివరి కొమ్మను కోసి, కింది ఆకులు తీసి, కోత ఆరేవరకు కొద్ది గంటలు నీడన ఉంచాలి. పచ్చిగా ఉన్న కోతను వెంటనే తడి ఇసుకలో గుచ్చితే కుళ్ళుతుంది. నీడన ఉన్న ముతక ఇసుకలో గుచ్చి, తేమ ఆరిపోకుండా మాత్రమే చూస్తే నెలా నెలన్నరలో వేరు పోస్తుంది. గులాబీ అంట్లకు కప్పినట్లు ప్లాస్టిక్ సంచీ కప్పడం దీనికి కీడు.

పెరట్లో చోటు తూర్పు దిక్కున ఉంటే శ్రేష్ఠం. పడమటి ఎండ తగిలే సిమెంటు గోడ ప్రక్కన పెడితే మొక్కను పొయ్యి ప్రక్కన పెట్టినట్లే. మునగ చెట్టు నీడ పలుచనిది, గాలి ఆడేది, దాని కింద వేసవి గడుపుకోవచ్చు. జూన్‌లో మొదటి జల్లుకు ముందే మొక్కను సగానికి కత్తిరించి, పసుపు ఆకులు ఏరివేసి, కుండీలను చూరు కిందకు జరపాలి. బోద కప్పిన పందిరి అయినా చాలు, వాన తగలకుండా ఉంటే అదే పాలీహౌసు. దసరా నాటికి ఆ నాలుగింటిలో ఎన్ని మిగిలాయో లెక్క చూసుకుంటే ఎకరా వేయాలో వద్దో తేలిపోతుంది. రెండు పోయినవారు ఎకరాలో సగం పోతుందని అనుకోవడం న్యాయమే.

ఎకరా లెక్క

ఒక టన్ను పచ్చి ఆకునుంచి సుమారు ఒక కిలో నూనె వస్తుంది. ఎకరాకు ఏడాదికి ఎనిమిది కిలోల నూనె రావాలంటే ఎనిమిది టన్నుల ఆకు, అంటే ప్రతి మొక్కా ముప్పాతిక కిలో చొప్పున ఇవ్వాలి. కిలో నూనె 12 వేలు పలికిందనుకుంటే రాబడి 96 వేలు. మూడింట ఒక వంతు మొక్కలు చనిపోతే రాబడి 64 వేలు. అందులోంచి మొక్కలు, డ్రిప్, ఎరువు, కలుపు కూలి, కోత కూలి, బట్టీ ఖర్చు, వంటచెరకు పోవాలి. ప్రచారంలో వినవచ్చే లక్షల మాట ధర అత్యధికంగా ఉన్న ఏడాది, ఒక్క మొక్కా చావని పొలం రెండూ కలిసివస్తేనే నిజమవుతుంది.

బట్టీ విషయం ఎవరూ ముందుగా చెప్పరు. ఆకును ఎవరూ కొనరు, నూనెనే కొంటారు. కోసిన ఆకును కుప్పవేసి ఉంచితే మగ్గి వాసన చెడుతుంది గనుక వీలైనంతవరకు ఆ రోజే ఆవిరి పట్టించాలి. గిద్దలూరులో కోసి దూర జిల్లాకు లారీలో పంపే పంట కాదు ఇది. స్టెయిన్‌లెస్ స్టీలు బట్టీ ఒక రైతుకు మోయలేని భారం, పదిమంది కలిస్తే మోయదగినది. ఆవిరిని చల్లార్చడానికి కూడా నీరు కావాలి. అదీ వేసవిలోనే కావాలి. తొట్టి కట్టి ఆ నీటినే తిప్పి తిప్పి వాడుకునే ఏర్పాటు లేకుంటే ఆ బోరు మొక్కలకు చాలదు, బట్టీకి చాలదు. నూనె తీసిన తరువాత మిగిలే పిప్పిని ఎండబెడితే వంటచెరకు ఖర్చు కొంత కలిసివస్తుంది.

మార్కెటు కూడా చిన్నది, దూరమైనది. కన్నౌజ్, ముంబయి వర్తకుల చేతిలో ఉన్నది. దేశ అవసరాలకు సరిపడ నూనె ఇక్కడ పండక దిగుమతి చేసుకుంటున్న మాట వాస్తవమే. దానివల్ల రైతుకు ధర గ్యారంటీ అయిపోదు. ధర పెరిగితే సబ్బుల, అత్తరుల తయారీదారు కృత్రిమ వాసన ద్రవ్యాలవైపు మళ్ళగలడు. తిరిగి కొంటామని ఒప్పందం రాసే మధ్యవర్తి నూనె నాణ్యతను తానే పరీక్షించి, తానే ధర కట్టేటట్లయితే ఆ కాగితానికి విలువ తక్కువ. పరీక్ష స్వతంత్ర ప్రయోగశాలలో జరగాలన్న షరతు లేని ఒప్పందంపై సంతకం చేయరాదు.

ఇదే వాసన, గడ్డిలో

ఇంత కష్టపడకుండా ఇంచుమించు ఇదే వాసననిచ్చే మొక్క ఒకటి మన దేశపు గడ్డిలోనే ఉండటం గమనార్హం. అది పామరోజా, రూసా గడ్డి. జెరేనియం నూనెలో ముఖ్యమైన రెండు పదార్థాలు సిట్రొనెల్లాల్, జెరేనియాల్. రూసా నూనెలో మూడు వంతులకు పైగా జెరేనియాలే. మధ్యభారతం గడ్డినుంచి తీసిన ఆ నూనె ఒకప్పుడు బొంబాయి రేవునుంచి తుర్కీకి పోయి, గులాబీ అత్తరులో కలిసి, యూరపులో "తుర్కీ జెరేనియం నూనె" అన్న పేరుతో చలామణీ అయింది. వర్తకులకు ఆ పోలిక అంత బాగా తెలుసునన్న మాట.

రూసా నూనెకు జెరేనియం నూనెకున్నంత ధర లేదు. కాని అది విత్తనంతో వస్తుంది, వర్షాధారంగా నిలుస్తుంది, ఒకసారి వేస్తే కొన్నేళ్ళు కోతకు వస్తుంది, వానకు చావదు సరికదా వానకే పెరుగుతుంది. పశువులు అంతగా ముట్టవు. సీమాప్ విడుదల చేసిన తృష్ణ, వైష్ణవి వంటి రకాలు ఉన్నాయి. ఒకే బట్టీలో రూసా, నిమ్మగడ్డి, జెరేనియం మూడూ పట్టించవచ్చు. ఏడాదిలో రెండు నెలలే పనిచేసే బట్టీకి పెట్టుబడి గిట్టదు గనుక ఈ అంశం ముఖ్యమైనది. బోరు లేని మెట్టలో రూసా, బోరు గట్టిగా ఉన్నచోట పదిసెంట్లో పాతిక సెంట్లో జెరేనియం అన్న పంపకమే పశ్చిమానికి ఆచరణయోగ్యంగా కనిపిస్తున్నది. ఎకరాలకెకరాలు జెరేనియంకు మార్చడం అప్పును పెంచుకోవడమే.

కొత్త జిల్లా ముందున్న పని

కర్నూలు జిల్లానుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న అప్పటి ఒంగోలు జిల్లాలో కలిసిననాటినుంచీ, పశ్చిమ ప్రాంతానికి ఒంగోలు దూరమన్న ఫిర్యాదు ఉన్నది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2025 చివర మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడటంతో ఆ ఫిర్యాదుకు సమాధానం దొరికింది. ఇక దూరం వంక చెప్పడానికి లేదు. కొత్త పంటల పేరిట ఎవరు ఎక్కడ మొక్కలు అమ్ముతున్నారో, ఏ ఒప్పందాలు రాయించుకుంటున్నారో ఉద్యాన శాఖ కనిపెట్టి ఉండటం మొదటి అవసరం.

తరువాత చేయవలసినదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గిద్దలూరు వైపు ఎర్రనేలలో ఒకటి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీటి కింద ఒకటి, చెరి పది సెంట్ల పరీక్షా క్షేత్రాలు వేసి, ఎన్ని మొక్కలు నాటారు, నవంబరు నాటికి ఎన్ని మిగిలాయి, ఎంత నూనె వచ్చింది అన్న మూడు అంకెలను రెండేళ్ళపాటు బహిరంగంగా పలకపై రాసిపెట్టాలి. పలకలకు పేరుపొందిన ఊరిలో ఆ మాత్రం పలక దొరకకపోదు. బోడుప్పల్ నుంచి తెచ్చిన తల్లి మొక్కలను వానాకాలం పందిరి కింద కాపాడి, కొమ్మలను రైతులకు రెండు రూపాయల లెక్కన ఇవ్వగలిగితే ప్రైవేటు మొక్కల వ్యాపారానికి దానంతట అదే అడ్డుకట్ట పడుతుంది. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఈ నర్సరీ పని అప్పగించవచ్చు. కుండీలు చూరు కిందకు జరపడం, ఎండుటాకు ఏరడం, కొమ్మ ఆరబెట్టి గుచ్చడం వంటివి రోజూ కంటితో చూసుకునేవారు చేయవలసిన పనులు. దినకూలికి అప్పగిస్తే సాగేవి కావు.

బట్టీ విషయంలో మాత్రం తొందర తగదు. ఆకు లేకముందే బట్టీలు పెట్టి, తుప్పు పట్టాక వేలం వేయడం మన ప్రభుత్వ పథకాలకు అలవాటైన దారి. మొదటి రెండేళ్ళూ చిన్న బట్టీతో రూసా గడ్డి పట్టించి, నూనెను పరీక్షకు పంపి, వర్తకుడు నిజంగా ఏ ధర ఇస్తాడో రైతుల సమక్షంలో తేల్చుకున్న తరువాతే పెద్ద బట్టీ మాట. ఈ లోగా పెరట్లో నాలుగు కుండీలు పెట్టినవారు జూన్ జల్లుకు ముందే వాటిని చూరు కిందకు జరపాలి.